దాదీ జానమాజ్, స్వర్ణముఖి నీళ్లు



మా పెద్దబిడ్డ మంగ్నీ రోజు మా ఇంట్లో జరిగిన చిన్న బేఇజ్జతీతో మొదలుపెడతాను. సమ్‌ధీవాళ్లు వస్తున్నారని తిరుపతిలో ఒక దుకాణంలో కొత్త దస్తర్‌ఖాన్ కొన్నాను. ఎర్రటి జమీన్ మీద నల్ల గీతల బేల్‌బూటా. "అసలైన కలంకారీ సార్, ప్రకృతి రంగులు" అని దుకాణదారు ఖసమ్ తిన్నంత పని చేశాడు. బిర్యానీ వడ్డిస్తుండగా ఎవరి పిల్లాడో నీళ్ల గ్లాసు తన్నేశాడు. ఆ నీళ్లు దస్తర్‌ఖాన్ మీదుగా పారి మా సమ్‌ధీ మోకాలి దగ్గర ఆగాయి. ఆయన కట్టుకున్నది తెల్ల కుర్తా. లేచేసరికి దాని మీద అరచేయంత ఎర్ర మరక. ఆయన షరీఫ్ మనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు తిన్నది అరగలేదు.

అందరూ వెళ్లాక మా అమ్మీ లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక మూట తెచ్చింది. మా దాదీ జానమాజ్. 1950లలో దాదా గుడ్డల వ్యాపారం మీద బందరు పోయినప్పుడు తెచ్చిందట. మధ్యలో మిహ్రాబ్, దాని లోపల సర్వ్ చెట్టు, అడుగున చిన్న పూలు. మోకాళ్లు ఆనేచోట గుడ్డ పలచబడిపోయింది, ఎరుపు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మీ దాని మీద చెంబుతో నీళ్లు పోసి, తెల్ల తువ్వాలుతో అద్ది చూపించింది. తువ్వాలు తెల్లగానే ఉంది. "దీన్ని ఎన్నిసార్లు ఉతికామో లెక్కే లేదు. నువ్వు తెచ్చింది ఒక్క గ్లాసుకు ఏడ్చింది" అంది.

ఈ రెండు గుడ్డలకూ తేడా ఏమిటి? రంగులో ఉందా, గుడ్డలో ఉందా, చేసిన చేతిలో ఉందా? ఈ సవాల్ నన్ను వదల్లేదు. వారం తర్వాత రెండింటినీ సంచిలో పెట్టుకుని శ్రీకాళహస్తి బస్సెక్కాను. తిరుపతి నుంచి గంట ప్రయాణం. పుట్టింది చిత్తూరులో, స్థిరపడింది తిరుపతిలో, యాభై దాటాయి. అయినా పక్కనే ఉన్న ఆ ఊరికి కలంకారీ పని చూడటానికి ఒక్కసారీ పోలేదు. ఎందుకంటే అది మనది కాదనుకున్నాను. గుడి తెరల మీద రామాయణం, మహాభారతం గీసే పని కదా, మనకేం తఅల్లుఖ్ అని.

కానీ పేరు చూడండి. కలంకారీ. కలం మన ఖలమ్. గ్రీకులో రెల్లుపుల్లకు కలమోస్ అంటారు, అరబీలో అది ఖలమ్ అయింది, అక్కడి నుంచి ఫార్సీకి, ఉర్దూకు, తెలుగుకూ వచ్చింది. కారీ అంటే పని. మీనాకారీ, జర్దోజ్‌కారీ అన్నట్టే. కాళహస్తి పాతతరం వాళ్లు మాత్రం దీన్ని వ్రాతపని అనేవారు. రెండు మాటలకూ అర్థం ఒకటే. బందరు పక్క పెడనలో చెక్క అచ్చులతో చేసేదాన్ని అద్దకం అంటారు. దానికీ కలంకారీ అనే పేరే నిలిచింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక పోస్టు తిరుగుతుంటుంది, కలంకారీ మొత్తం ఇరాన్ నుంచి వచ్చిందనీ, మనవాళ్లే నేర్పారనీ. అది గలత్. నూలుగుడ్డకు పటికతో ఎరుపు పట్టించే హునర్ ఈ ఉపఖండానిది. మొహెంజొదారోలో వెండి పాత్రకు అంటుకుని దొరికిన నూలు పేలికకే మంజిష్ఠ జాతి ఎరుపు ఉంది. ఈజిప్టులో, ఖాహిరా పక్కన ఫుస్తాత్‌లో దొరికిన హిందూస్తానీ అద్దకపు గుడ్డలు మధ్యయుగాల నాటివి. ఇస్లామ్ రాకముందే ఇక్కడి రంగరేజ్‌లకు ఈ విద్య తెలుసు. గోల్కొండ కాలంలో వచ్చి చేరినవి వేరే. ఖలమ్ అనే పేరు, సర్వ్ చెట్టూ మిహ్రాబూ లాంటి నక్షాలు, అన్నిటికంటే ముఖ్యంగా కొనేవాళ్లు. మచిలీపట్నం నుంచి బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచాయి. ఇరానీ తాజిర్లు బందరులో కాపురాలు పెట్టారు. ఇస్ఫహాన్‌లో ఈనాటికీ ఇలాంటి పనిని ఖలమ్‌కార్ అనే అంటారు. మంచం మీద పరిచే పలంగ్‌పోష్ ఫిరంగీల నోట పాలంపోర్ అయింది. గోల్కొండ సుల్తాన్ల నీడలో 1640-50 ప్రాంతంలో చేసిన కలంకారీ రూమాల్ ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అంటే హునర్ ఇక్కడిది, బజార్ ఇద్దరిదీ. ఇంతకంటే ఎక్కువ క్లెయిం చేస్తే అది తారీఖ్ కాదు.

మన జిల్లాకు కూడా ఆ కథలో హిస్సా ఉంది. ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో జాగా ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడిది కాళహస్తి దామెర్ల వంశమే. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అప్పటి విజయనగర రాజుల కొలువు చంద్రగిరిలో. 1639లో ఫ్రాన్సిస్ డే ఆ ఇసుకదిబ్బను ఎందుకు ఎంచుకున్నాడంటే, అక్కడ గుడ్డ చవక. అద్దకపు గుడ్డ, నేతగుడ్డ దొరికేచోటు కోసమే వాళ్లు తీరమంతా గాలించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1646లో, చంద్రగిరి గోల్కొండ చేతికి వచ్చింది. ఆ దండయాత్రలు నడిపిన మీర్ జుమ్లా ఇరాన్‌లో అర్దిస్తాన్‌వాడు, వజ్రాల వ్యాపారి, ఓడల యజమాని. ఇస్ఫహాన్ దగ్గర పుట్టినవాడు మన చంద్రగిరి కొండల దాకా వచ్చాడు. కోట చూడటానికి పోయినప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పండి, రాజమహల్ ముందు సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు.

సరే, కాళహస్తికి వద్దాం.

నేను వెతుక్కుంటూ పోయిన పెద్దాయన ఇంటి ముందు వరండాలో కూర్చుని ఉన్నారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు. పేరు రాయొద్దన్నారు, రాయను. సంచి విప్పకముందే "ఏం సాయిబూ, యాడనించి?" అన్నారు. జరిగింది చెప్పాను. ముందు దస్తర్‌ఖాన్ అందుకున్నారు. మూలన వేలు తడిచేసి రుద్ది, వేలు నాకు చూపించారు, ఎర్రగా ఉంది. "ఇది కలం చూడలేదు. తెర మీద వేసిన ముద్ర. ఆ ముద్రను సరిగ్గా ఉడికించనూ లేదు, ఉతకనూ లేదు" అన్నారు.

తర్వాత దాదీ జానమాజ్ విప్పారు. చాలాసేపు చూశారు. నేను సంతోషంగా, "ఇది అసలైన వేళ్ల రంగు కదా స్వామీ?" అన్నాను.

"ఎవురికి తెలుసు? బందరోళ్లు అప్పటికే అలిజరిన్ వాడతా ఉండ్రి. జర్మనీ నించి డబ్బాల్లో వచ్చేది. ఇది చిరువేరో, డబ్బా రంగో కంటితో చూసి చెప్పలేను."

నా గాలి తీసేశారు. అరవై ఏళ్లుగా మా ఇంట్లో తబర్రుక్‌లా దాచుకున్న గుడ్డ జర్మన్ డబ్బా రంగు అంటారేమిటి? నా ముఖం చూసి ఆయన నవ్వారు. "రంగు యాడిదైతేనేం సాయిబూ. దీన్ని పారే నీళ్లలో కడిగినారు. అదీ ఇందులో ఉండే సంగతి."

ఆ మాట అర్థం కావాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి. ఆ మధ్యాహ్నమంతా ఆయన దగ్గర కూర్చుని తెలుసుకున్నది, తర్వాత చదివింది కలిపి చెబుతాను.

కోరాగుడ్డను ముందు గంజి పోయేదాకా ఉతుకుతారు. పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ ఉతికితే తెలుపు వస్తుంది. తర్వాత కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి పిండి ఆరేస్తారు. కరక్కాయ వగరు గుడ్డలోకి పోతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గుర్తు పెట్టుకుంటారు. ఆపైన కలం. వెదురుపుల్ల కొన చెక్కి, కొంచెం పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. ఆ చుట్టు నీళ్లను పట్టి ఉంచుతుంది. వేళ్లతో నొక్కినంత మేర రంగు కొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే మచ్చ, తక్కువ నొక్కితే గీత తెగుతుంది.

నలుపు కసిం నుంచి వస్తుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు మురగబెడతారు. ఆ నీళ్లు చూడటానికి పలచటి కషాయంలా ఉంటాయి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత పడగానే కళ్ల ముందే నల్లబడుతుంది. ఇది చూసినప్పుడు నాకు మన కాతిబ్‌లు గుర్తొచ్చారు. పాతకాలంలో కితాబత్‌కు వాడిన సియాహీలో ఒక రకం ఇదే కదా! మాజూఫల్ వగరు, ఇనుప లవణం కలిపి చేసేవారు. వగరు, ఇనుము కలిస్తే నలుపు. కాగితం మీద రాసిన కాతిబ్, గుడ్డ మీద రాసిన కాళహస్తి మనిషి ఒకే ఉస్తాద్ శాగిర్దులు. తేడా ఏమిటంటే కాతిబ్ సియాహీ దవాత్‌లోనే నల్లగా ఉంటుంది, ఇక్కడ గుడ్డ మీదికొచ్చాకే నలుపు పుడుతుంది.

ఎరుపు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఎరుపు రావలసిన చోట ఎరుపు పూయరు. పటికనీళ్లు పూస్తారు. అవి దాదాపు కనిపించవు, ఎక్కడ పూశారో తెలియడానికి కాస్త రంగు కలుపుకుంటారు, అంతే. ఒక రోజు ఆరనిచ్చి, గుడ్డను పారే నీళ్లలో కడిగి, మంజిష్ఠ, సురుడు చెక్క, చిరువేరు వంటివాటితో డేగిసాలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు కరుచుకుంటుంది. లేనిచోట మెల్లగా వదిలిపోతుంది. అంటే బొమ్మ గీసింది పటికతో, రంగు దాన్ని వెతుక్కుంటూ వచ్చి చేరుతుంది.

ఇక్కడే నీళ్ల ముఆమలా. పటిక పూసిన గుడ్డలో గుడ్డను పట్టుకున్న పటిక కొంత, ఊరికే పైన కూర్చున్న పటిక కొంత ఉంటుంది. ఆ రెండోది పోవాలి. తొట్టిలో ముంచితే ఏమవుతుంది? పటిక నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లు అక్కడే ఉంటాయి, తెల్లగా ఉండాల్సిన చోటికి పోయి కూర్చుంటుంది. ఉడికించినప్పుడు ఆ తెలుపంతా గులాబీ మచ్చలు. పారే నీళ్లలో అయితే వదిలిన పటిక వదిలినట్టే కిందికి పోతుంది, తిరిగి రాదు. "నిలవనీళ్లు తీసిందాన్ని మళ్లీ మనకే ఇస్తాయి. ఏరు తీసుకుపోతాది" అన్నారు పెద్దాయన.

భాయ్‌లూ, బహెన్‌లూ, ఈ మాట వినగానే నా చిన్నప్పటి మక్తబ్ గుర్తుకొచ్చింది. మాఎ జారీ, మాఎ రాకిద్. పారే నీళ్లకు ఒక హుకుమ్, నిలిచిన నీళ్లకు ఒక హుకుమ్. కొద్ది నీళ్లలో నజాసత్ పడితే నాపాక్, పారే నీళ్లలో పడి, దాని రంగూ రుచీ వాసనా తెలియకపోతే పాక్. మన హనఫీ మసీదుల్లో హౌజ్ పదిమూరల పొడవు, పదిమూరల వెడల్పు ఎందుకు కడతారు? దహ్ దర్ దహ్, అంత పెద్దదైతే పారే నీళ్ల లెక్కలోకి వస్తుందని. హాఫిజ్ సాబ్ బెత్తం పట్టుకుని ఇది చెబుతుంటే ఈ లెక్కలెందుకురా అనుకునేవాళ్లం. కాళహస్తి వరండాలో ఒక గుడితెరల కళాకారుడు అదే ఫర్ఖ్‌ను పటికతో చెప్పారు. ఆయనది వేరే సంగతి, మన ఫిఖ్‌హ్ వేరే సంగతి, రెంటినీ ఒకటి చేయను. నీళ్ల స్వభావాన్ని మాత్రం ఇద్దరూ ఒకేలా గమనించారు.

ఉడికించాక మళ్లీ కడగాలి. తెలుపులో మిగిలిన ఎర్రఛాయ పోవడానికి పేడనీళ్లలో నానబెట్టి, ఏటి ఇసుక మీద పరిచి, ఆరిపోకుండా రోజంతా నీళ్లు చల్లుతూ ఉండాలి. ఎండా తడీ కలిసి తెల్లబరుస్తాయి. మళ్లీ పాలు, మళ్లీ ఆరబెట్టడం, తర్వాత పసుపురంగుకు కరక్కాయపువ్వు, నీలానికి నీలిమందు, రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ ఒక కడుగు. ఒక తెర పూర్తయ్యేసరికి అది చూసిన నీళ్లు ఎన్ని బిందెలో ఎవరు లెక్కపెట్టారు?

నీలిమందు గురించి ఒక మాట. నీలి నీళ్లలో కరగదు. పులియబెట్టిన తొట్టిలో దాన్ని లొంగదీస్తేనే కరుగుతుంది. ముంచి తీసిన గుడ్డ పచ్చగా ఉండి, గాలి తగిలాక నీలమవుతుంది. మన కడప నీలిమందు పందొమ్మిదో శతాబ్దంలో లండన్ బజారులో కుర్పా అనే పేరుతో అమ్ముడయ్యేది. కడపను వాళ్లు అలా పలికారు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు, చిరువేరు బజార్ పడిపోయింది. 1897లో కృత్రిమ నీలి అమ్మకానికి వచ్చింది, కుర్పా కథ కూడా ఖతం.

నీళ్ల విలువ మనకంటే ఫిరంగీలే తొందరగా కాగితం మీద పెట్టారు. 1734 ప్రాంతంలో బొల్యూ అనే ఫ్రెంచి నావికాధికారి పాండిచ్చేరిలో అద్దకం చేయిస్తూ, ఒక్కో దశకు ఒక్కో గుడ్డముక్క కత్తిరించి దాచుకున్నాడు. ఆ ముక్కలు ప్యారిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1742లో కూర్‌దూ అనే పాద్రీ, తెలుగు, సంస్కృతం బాగా వచ్చినవాడు, తన దగ్గర మతం పుచ్చుకున్న కళాకారులను అడిగి పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపాడు. సాదా మాటలో చెప్పాలంటే పేదవాడి రోజీ రహస్యం లిఫాఫాలో పెట్టి పంపాడు. అప్పటికి ఫ్రాన్సులో ఈ గుడ్డల మీద నిషేధం, 1686 నుంచి 1759 దాకా. ఇంగ్లాండులోనూ 1700లో, 1721లో చట్టాలు. మన ఛీంట్ వాళ్ల నేతగాళ్ల పొట్ట కొడుతోందని. నిషేధం ఎత్తేయగానే 1760లో ఓబర్‌కాంఫ్ అనేవాడు ప్యారిస్ దగ్గర జూయీ ఊళ్లో కార్ఖానా పెట్టాడు. ఆ ఊరే ఎందుకు? పక్కన బియెవ్ర్ అనే ఏరు ఉంది, దాని నీళ్లు గుడ్డ కడగడానికి మంచివని. పద్ధతి ఎత్తుకుపోవచ్చు, ఏటిని ఎత్తుకుపోలేరు కదా. అక్కడ తగిన ఏరు వెతుక్కున్నారు.

నీళ్లలో ఏముందన్నది కూడా ముఖ్యం. చిరువేరు ఎరుపు పూర్తిగా వెలగాలంటే నీళ్లలో సున్నం కాస్త ఉండాలి. ఇనుము ఉంటే మాత్రం ఎరుపు నలిగి గోధుమరంగులోకి, ఊదాలోకి పోతుంది, కరక్కాయ పట్టిన తెలుపు బూడిదరంగు తిరుగుతుంది. కసింలో మేలు చేసిన ఇనుమే ఇక్కడ దుష్మన్. అందుకే ఒకే మనిషి, ఒకే దినుసులతో రెండు ఊళ్లలో చేస్తే రెండు ఎరుపులు వస్తాయి.

కాళహస్తి వాళ్ల ఏరు స్వర్ణముఖి. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా, కాళహస్తి గుడి పక్కగా పోయి నెల్లూరు వైపు సముద్రంలో కలుస్తుంది. ఆ ఇసుక పట్టుకుంటే కూలి బంగారమయ్యేదని గుడి కట్టిన రోజుల గురించి అక్కడివాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. ఇప్పుడు బంగారమైంది నిజమే, లారీల్లో పోతోంది. ఏడాదిలో చాలా నెలలు ఆ ఏట్లో కంపచెట్లు, మురుగు, గుంటలు. నీళ్లు వస్తే వానాకాలం చివర్లో వస్తాయి, వచ్చినప్పుడు 2021 నవంబరులో వచ్చినట్టు వస్తాయి. ఆ వారం తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా బంధువుల ఇంట్లో సందూఖ్‌లు తేలాయి. పదకొండు నెలలు ఎండి, ఒక నెల ముంచే ఏటిని నమ్ముకుని గుడ్డ కడగడం ఎలా?

"ఇప్పుడు బోరునీళ్లే" అన్నారు పెద్దాయన. ఇంటి వెనక సిమెంటు తొట్లు చూపించారు. ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి మార్చి మార్చి కడుగుతారు, పైపు వదిలి పారిస్తారు. కరెంటు బిల్లు, నీళ్ల ఖర్చు. బోరు లోతుకు పోయేకొద్దీ ఉప్పు, ఇనుము. "నా చేతి ఎరుపు నాకే గుర్తు పట్టలేకుండా ఉండాది" అన్నారు. ఆ మాట ఫిర్యాదులా అనలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ పని ఒకసారి ఆగిపోబోయింది, తెలుసా? ఇరవయ్యో శతాబ్దం మధ్యకు కాళహస్తిలో కలం పట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకున్నాక, 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు ఉస్తాద్. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ దక్కింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మనుషులను అలా బతికించగలిగారు. ఆ గుర్తింపు కాగితంలో ఊరి పేరు ఉంటుంది, ఊరి నీళ్లను ఎవరు కాపాడాలో ఉండదు.

లేచే ముందు ఆయన గోడకు వేలాడుతున్న తెర చూశాను. వారధి కట్టే ఘట్టం. సముద్రం గుడ్డ సగం ఆక్రమించింది. మతలబ్ ఏమిటంటే, అక్కడ నీళ్లు లేవు. తెల్లగుడ్డ మీద వంకర గీతలు కొన్ని, వాటి నడుమ చేపలు, ఒక తాబేలు, ఒక మొసలి.

"నీళ్లకు రంగు లేదు కదా, ఎట్లా గీస్తారు?" అనడిగాను.

"నీళ్లు గీయం. చేపను గీస్తాం. చేప ఉంటే నీళ్లు ఉండాయని చూసేవాడే అనుకుంటాడు."

నాకు బీజాపూర్ అబ్రీ పటాలు గుర్తొచ్చాయి. పదిహేడో శతాబ్దంలో అక్కడి ముసవ్విర్లు తట్టలో చిక్కటి నీళ్లు పోసి, పైన రంగులు తేలించి, కాగితం ఆనించి ఎత్తేవారు. నీళ్ల మీది మబ్బులాంటి నక్షా కాగితానికి వచ్చేది. అబ్ర్ అంటే ఫార్సీలో మబ్బు. దానితో గుర్రాల బొమ్మలు, ఫకీర్ల బొమ్మలు చేశారు. మా దాదీకి తెలిసిన ముసవ్విరీ ఇంకోటి. పిల్లలకు జ్వరమొస్తే చీనీ రకాబీ మీద జాఫ్రాన్‌తో ఆయత్ రాయించి, నీళ్లతో కడిగి తాగించేది. దాని జాయజ్ నాజాయజ్ సంగతి ఉలమాకు వదిలేస్తున్నాను. నా తలలో తిరిగింది ఏమిటంటే, ఒకే ఇంట్లో రెండు రాతలు ఉన్నాయి. రకాబీ మీది రాత కడిగితే పోవడానికే రాసింది. జానమాజ్ మీది రాత ఎన్నిసార్లు కడిగినా పోకూడదని రాసింది. రెండింటికీ ఇంతిజార్ నీళ్ల కోసమే.

జానమాజ్ మడిచి ఇస్తూ ఆయన అన్నారు, "దీన్ని మిషన్లో వెయ్యద్దు. బక్కెట్లో నానేయద్దు. కుంకుడురసంతో, పారే నీళ్లలో. ఏట్లో నీళ్లొచ్చినప్పుడు తీసుకురా, మా పిల్లోడు కడిగిస్తాడు." కాళహస్తి ఏట్లో గుడి తెరల పక్కన మా దాదీ జానమాజ్! డబ్బులివ్వబోతే తీసుకోలేదు. నేను ఒక చిన్న రూమాల్ కొన్నాను, అదీ బలవంతంగా.

మొన్న కార్తీకంలో వానలు పడ్డాక ఫోన్ వచ్చింది, ఏరు వచ్చింది, రమ్మని. మా బిడ్డను, అల్లుడిని కూడా తీసుకుపోయాను. మోకాలి లోతు నీళ్లు, కాస్త బురదగానే ఉన్నాయి. ఆ అబ్బాయి పైకి, ఇంకా తేటగా ఉన్నచోటికి తీసుకెళ్లాడు. రెండు కొనలూ పట్టుకుని నీళ్లలో పరిస్తే జానమాజ్ ప్రవాహం పొడవునా సాగింది. మిహ్రాబ్ కిందికి, పూలు పైకి. కొంచెం మట్టి వదిలింది. ఎరుపు వదల్లేదు. మా బిడ్డ "దాదీ ఉంటే..." అని ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అల్లుడు ఒక మాట చెప్పాడు. వాళ్ల అబ్బా ఆ తెల్ల కుర్తాను మూడుసార్లు చాకలికి వేశారట, నిమ్మకాయ రుద్దారట, సర్ఫ్‌లో రాత్రంతా ఉంచారట. దస్తర్‌ఖాన్ మీద ఒక్క గ్లాసు నీళ్లకు నిలవని ఆ ఎరుపు, కుర్తా మీద మాత్రం అలాగే ఉందట.